మన్రో దొర ఓపిక, తెర్నేకల్లు కోపం

ఈ వాదన జరిగింది కర్నూలు జిల్లా కృష్ణగిరిలో. ఒకరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. ఇప్పుడు నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలలో వేరుశనగ వేసుకుంటూ రైతుల మీటింగులకు పోతుంటారు. రెండోవారు ఆయన మేనకోడలు, ఆదోని వైపు ఒక మండలంలో రీసర్వే డిప్యూటీ తహసీల్దారు. అధికారులకు పెట్టిన నాయకత్వ శిక్షణ ముగించుకుని, తిరుగు ప్రయాణంలో మామ ఇంట్లో దిగింది. ఆ శిక్షణలో ఒక పూటంతా భావోద్వేగ ప్రజ్ఞ గురించే చెప్పారట. నేను పక్కన కూర్చుని విన్నవాణ్ని. ఎవరిది పైచేయి అని నన్ను అడగొద్దు. ఎవరు ఎక్కడ మాట తప్పించారో మాత్రం చెప్పకుండా ఉండలేను. కుండలీకరణాల్లో ఉన్నవి నా మాటలు.

మామ: అయితే కోపం రాకుండా మందేదో ఇచ్చి పంపించినారన్నమాట మీకు.

కోడలు: కోపం రాకుండా ఎట్లుంటాది మామా? వచ్చినప్పుడు వచ్చిందని మనకు తెలియల్ల. తెలిసినాక నోరు తెరిచేదా మూసేదా అన్నది మన చేతిలో ఉండల్ల. ఎదురుగా ఉన్నోడు అరుస్తాంటే, ఆ అరుపు కింద భయముందో అవమానముందో కనిపెట్టల్ల. అంతే.

మామ: దీనికి అమెరికావాళ్లు కావల్సొచ్చినారా?

కోడలు: పీటర్ సాలొవే, జాన్ మేయర్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1990లో దీని మీద వ్యాసం రాసినారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం రాసినాక కంపెనీలన్నీ పట్టుకున్నాయి. ఆఫీసులకు ఇప్పుడొచ్చింది.

మామ: మా అమ్మకు ఇవన్నీ తెలుసు పాపా. 1995 దాకా ఆగలే.

కోడలు: అవ్వకు తెలుసు. తాతకు తెలుసా?

(మాస్టారు నవ్వేశారు. తండ్రి ప్రస్తావన వస్తే ఆయన దగ్గర తిరుగు జవాబు ఉండదని ఆమెకు ముందే తెలిసినట్టుంది.)

కోడలు: తాత మంచోడే. పది ఊళ్ల పంచాయితీలు చెప్పినోడు. కానీ ఎద్దు కాలు విరిగితే జీతగాడు రెండు రోజులు దాచిపెట్టినాడని నువ్వే గదా చెప్పినావు. ఎందుకు దాచినాడు? చెప్తే తాత తంతాడని. ఆ పొద్దే తెలిసుంటే కట్టు కట్టిచ్చుండొచ్చు. నేను చెప్పేది మర్యాద గురించి కాదు మామా. పైన కూర్చున్నోడు కోపిష్టి అయితే వాని దగ్గరికి నిజం రాదు. నా కింద సర్వేయర్లు ఉండారు. రోవర్ పెట్టి కొలిచేటప్పుడు గట్టు తప్పుగా గుర్తించినోడు, నేను నలుగురిలో అరుస్తానని తెలిస్తే ఆ తప్పును మ్యాపులోనే వదిలేసి పోతాడు. ఏడాదికి అది అన్నదమ్ముల తగాదా అయి కోర్టుకు ఎక్కుతాది. అదే తప్పును వాడు ఆ సాయంత్రమే నాకు చెప్పగలిగితే ఒక పూట పని.

మామ: అది నీకు లాభం, నీ ఆఫీసుకు లాభం. సరే. రైతు సంగతి చెప్పు. పాత పాసుబుక్కులో నాలుగెకరాలు ఉంటాది. రీసర్వే అయినాక మూడెకరాల ఎనభై సెంట్లని వస్తాది. పైగా అన్నదమ్ములిద్దరి పొలమూ కలిపి జాయింట్ ఎల్‌పీఎం అని ఒకే నంబరు పడుంటాది. ఆయప్ప నీ దగ్గరికొస్తాడు. నువ్వు కుర్చీ వేస్తావు, నీళ్లిస్తావు, మొగం చూసి ఓపిగ్గా వింటావు. ‘నీ బాధ నాకు అర్థమైందప్పా’ అంటావు. ఆయప్ప దండం పెట్టి పోతాడు. ఇరవై సెంట్లు వచ్చినాయా?

కోడలు: ఆ రోజుకు రాకపోవచ్చు.

మామ: ముందరి ఆఫీసర్లు తిట్టి పంపిస్తుండిరి. తిట్లు తిన్నోడు ఊరికొచ్చి పదిమందిని కూడేసుకొని మళ్లా పోతుండె. ఇప్పుడు నువ్వు మర్యాదగా పంపిస్తే ఆ పదిమందీ కూడరు. ‘మేడమ్ మంచిదిలే, చూస్తానన్నది’ అని ఇంట్లో కూర్చుంటారు. ఇరవై సెంట్లూ పోయినాయి, కోపమూ పోయింది. నీ శిక్షణ ఎవరికి పనికొచ్చింది చెప్పు.

(ఆమె వెంటనే జవాబివ్వలేదు. నాకైతే ఆ సాయంత్రం మొత్తంలో గట్టి మాట ఇదే అనిపించింది. దీనికి ఆమె ఇచ్చిన జవాబు నేననుకున్న దారిలో రాలేదు. ముందు ఒప్పుకుంది.)

కోడలు: ఆ మాట అన్నది నువ్వొక్కడివే కాదు. ఆర్లీ హాక్‌షీల్డ్ అని అమెరికాలో ఒకామె 1983లోనే పుస్తకం రాసింది. విమానాల్లో పనిచేసే ఆడపిల్లలకు నవ్వడం ఎట్ల నేర్పిస్తారు, బాకీలు వసూలు చేసేవాళ్లకు కటువుగా ఉండడం ఎట్ల నేర్పిస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ నవ్వూ, ఆ కటువూ రెండూ జీతమిచ్చి కొనుక్కునేవేనంది. రోజంతా లేని భావం మొగం మీద మోసినోళ్లకు చివరికి తమ మనసు తమకే తెలియకుండా పోతాదని రాసింది. మా శిక్షణలో ఆమె పేరు రాలే. నేనే చదువుకున్నా.

మామ: ఎట్లొస్తాది? శిక్షణ పెట్టేది జీతమిచ్చేవాళ్లే గదా.

కోడలు: దొంగ నవ్వు ఉందని అసలు నవ్వే వద్దంటామా? మన్రో సంగతి నువ్వే గదా క్లాసులో గంటలు గంటలు చెప్పేది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. ఆదోని, పత్తికొండ, గుత్తి, కడప అంతా వచ్చి పడింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రోను పంపినారు. అంతకుముందు ఆయన 1792 నుంచి బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పని నేర్చుకున్నాడు.

మామ: అక్కడా ఒక కృష్ణగిరి ఉందిలే. తమిళనాడు కృష్ణగిరి. పిల్లలు పరీక్షలో ఎప్పుడూ మన కృష్ణగిరి అనే రాస్తుండిరి.

కోడలు: ఏడేళ్లు ఉన్నాడు ఈ సీమలో. బంగళా కట్టుకొని కూర్చోలే. డేరాలు వేసుకొని ఊరూరా తిరిగినాడు. జమీందారును నడుమ పెట్టకుండా ఒక్కొక్క రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టినాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు ఇక్కడ. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనపడి మాట్లాడినాడని కథ చెప్పుకుంటారు. కడప వైపు గండి కొండల్లో ఆయనకు బంగారు తోరణం కనపడిందని ఇంకో కథ. గవర్నరైనాక కూడా, దేశం వదిలి పోయే ముందు ఈ సీమను ఒకసారి చూడాలని వచ్చి, 1827 జులై 6న ఇదో ఈ పత్తికొండలోనే కలరాతో పోయినాడు. శిస్తు వసూలు చేసేవాడి చుట్టూ ఇన్ని కథలు కట్టినారంటే, జనం మనసు తెలిసినోడు కాకపోతే అవుతాదా?

మామ: క్లాసులో నేను ఇంకొకటి కూడా చెప్పినా. నీకు గుర్తు లేదా, గుర్తున్నా మింగినావా? తెర్నేకల్లు.

కోడలు: గుర్తుంది.

మామ: అయితే చెప్పు.

కోడలు: 1801. దేవనకొండ దగ్గర తెర్నేకల్లు. శిస్తు గొడవ ముదిరి తహసీలుదారును చంపినారు. కంపెనీ సైన్యం వచ్చింది. మొదటిసారి కోట ఎక్కలేక వెనక్కి పోయింది. తర్వాత ఫిరంగులు తెచ్చి పగలగొట్టినారు.

మామ: ఊరి గౌడప్పను ఉరి తీసినారని ఇప్పటికీ చెప్పుకుంటారు ఆడ. అప్పుడు కలెక్టరు ఎవరు? నీ డేరా దొరే. నీ కథల్లో దొర ఒక చోట చెట్టు కింద కూర్చొని రైతు మాట వింటాండాడు. ఇంకో చోట ఆ దొర వసూళ్ల కోసమే ఫిరంగి పేలతాంది. ఇద్దరూ ఒకడే పాపా. మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊళ్లు ఉండాయి, నిజమే. తెర్నేకల్లులో ఎంతమంది మన్రోలప్పలున్నారో కనుక్కో.

(ఇక్కడ ఇద్దరూ చరిత్రలో తమకు కావలసిన తునక తీసుకున్నారు. నాకు తోచేది వేరు. ఓపిగ్గా వినడానికీ, ఫిరంగి పంపడానికీ మధ్య మన్రోకు ఏ పేచీ కనపడి ఉండదు. రెండూ ఆయన దృష్టిలో సర్కారును నిలబెట్టే పనులే. జనం మనసు చదవగలిగినవాడు జనం పక్షాన ఉంటాడన్న హామీ ఏదీ లేదు.)

మామ: ఇంకోటి విను. ఎంత వసూలు చేసినాడు? ఆయన లెక్క ప్రకారమే పండినదాంట్లో నూటికి 45 పాళ్లు. సగానికి సగం అనుకో. అంత ఇచ్చుకుంటా కూడా జనం దండం పెట్టినారంటే, అది నువ్వు చెప్పే ప్రజ్ఞ గొప్పతనమా, ప్రమాదమా?

కోడలు: ఆ 45 ఎక్కువ అన్నది ఎవరు మామా? ఆయనే. తాను వేసిన శిస్తు భారమైందని 1807లో తానే పైకి రాసినాడు. పావు వంతు తగ్గియ్యమన్నాడు. తగ్గిస్తే మూడో పాలు దగ్గరకొస్తాదని లెక్క కట్టినాడు. మద్రాసు వాళ్లు వినలే. ఆయన సెలవు మీద ఇంగ్లండు పోయినాక ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చినారు. 1820లో తాను గవర్నరై తిరిగొచ్చి, ఆ పావు వంతు తగ్గించినాడు. డేరాలో తిరగకుండా, రైతు మొగం చూడకుండా, మద్రాసు కోటలో కూర్చున్నోడికి ఆ పావు వంతు సంగతి ఎట్ల తెలుస్తాది?

మామ: 1807 నుంచి 1820. పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లు ఎవరు కట్టినారు?

కోడలు: రైతులే.

మామ: అదీగాక, అది జాలి పడి ఇచ్చింది కాదు. శిస్తు తగ్గితే బీడు సాగులోకొస్తాది, కొన్నేళ్లకు ఖజానా నిండుతాదని లెక్క.

కోడలు: జాలితో ఇచ్చింటే ఇంకో గవర్నరొచ్చి తీసేస్తుండె. లెక్కతో ఇచ్చినాడు కాబట్టి నిలబడింది. నాకు మన్రో దగ్గర నచ్చింది జాలి కాదు మామా. వినింది మర్చిపోలే. పైకి రాసినాడు, కాదన్నా మనసులో పెట్టుకున్నాడు, చేతికి అధికారం రాగానే చేసినాడు.

(పదమూడేళ్ల ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేదు. మాస్టారు కూడా రెట్టించలేదు. సంభాషణ వేరే దారి పట్టింది. ఈసారి దారి మళ్లించింది మాస్టారే.)

మామ: నీకు నాయకత్వం చూడల్లనుంటే దొరల దగ్గరికెందుకు? కోసిగి, పెద్దకడబూరు వైపు పో. మిరప కోతల కాలం రాగానే ఇండ్లకు తాళాలేసి, ముసలోళ్లను వదిలి, పిల్లలను ఎత్తుకొని గుంటూరు సుగ్గికి పోతారు గదా, ఆ ముఠాల మేస్త్రీలను చూడు. నాకు తెలిసిన ఒక మేస్త్రమ్మ ఉంది. సంతకం పెట్టడమే కష్టం. ముఠాలో ఎవరికి ఎంత అప్పుందో తెలుసు, ఎవరి మొగుడు తాగుతాడో తెలుసు, ఎవరికి ఎన్నో నెలో తెలుసు. ఒకసారి కాటా దగ్గర కల్లం ఆసామి తూకం తక్కువ చూపిస్తాండాడని గొడవ లేసింది. మగోళ్లు కట్టెలు పట్టుకున్నారంట. ఈయమ్మ అరవలే. అందరినీ మిరప టిక్కీల మీద కూర్చోమనింది. తానూ కూర్చుంది. ‘అన్నా, కాటా సరిచేసి మళ్లా తూయి. అంతవరకూ మాకు పనేం లేదు, ఇట్లే కూర్చుంటాం’ అనింది. అంతే. మళ్లా తూసినాడు. ఆయమ్మకు ఎవరు నేర్పించినారు?

కోడలు: ముఠా నేర్పించింది.

మామ: అదే నేను చెప్పేది. ఆయమ్మ మాట కటువైనా, లెక్క తప్పినా మరుసటేడు ఆ బండి ఎవరూ ఎక్కరు. ఆయమ్మ బతుకు కిందోళ్ల చేతిలో ఉంది. నీ బతుకు ఎవరి చేతిలో ఉంది? ఆ రైతు నిన్ను దించగలడా? నిన్ను ట్రాన్స్‌ఫర్ చేసేది పైవాడు. కాబట్టి నీకు తెలియకుండానే నువ్వు పైవాని మొగమే చదువుతుంటావు.

కోడలు: ఆ మాట నిజం. శిక్షణలో మా చేత ఒక పని చేయించినారు. పోయిన నెలలో ఎవరెవరి మీద అరిచినారో కాగితం మీద రాయమన్నారు. పేర్లొద్దు, హోదాలు చాలన్నారు. అన్నీ పోగేసి బోర్డు మీద రాస్తే ఏమొచ్చిందో చెప్పనా? అటెండరు, డ్రైవరు, సర్వేయరు, వీఆర్వో, ఇంట్లో పిల్లలు, పనామె. హాలు మొత్తంలో ఒక్కరు కూడా పైఅధికారి మీద అరిచినానని రాయలే. అప్పటిదాకా ‘నాకు కోపం ఆగదు, నా తత్వమే అంత’ అన్నోళ్లు గమ్మునైపోయినారు. ఆగదని అబద్ధం మామా. పైవాడి ముందర ఆగుతానే ఉంది.

మామ: (కాసేపటికి) ఇదొక్కటి మంచి పాఠం. ఫీజు కట్టొచ్చు దీనికి.

కోడలు: మేస్త్రమ్మకు ముఠా నేర్పిస్తాది. నాకు నేర్పించేవాళ్లు లేరు. నేను తప్పు చేస్తే రైతు చెప్పడు, సర్వేయరు చెప్పడు, ‘కరెక్టే మేడమ్’ అంటారు. అడ్డు చెప్పేవాళ్లు లేనోళ్లే పనిగట్టుకొని నేర్చుకోవల్ల. నేర్చుకోవడమంటే ధ్యానం కాదు. రైతు చెప్పింది నా నోటితో తిరిగి చెప్తా, ‘నువ్వు చెప్పేది ఇదే గదా’ అని. సగంసార్లు కాదంటాడు. విన్నాననుకున్నది విననే లేదని అప్పుడు తెలుస్తాది. కోపంలో ఉన్నప్పుడు మెమో మీద సంతకం పెట్టను, తెల్లారి పెడతా. సర్వేయరు తప్పు చెప్పుకుంటే ముందు ‘ఎప్పుడు తెలిసింది’ అని అడుగుతా. ‘ఎందుకు చేసినావు’ అన్నది తర్వాత.

మామ: నువ్వున్నన్నాళ్లు బాగుంటాది. నువ్వు పోయి ఇంకొకడొస్తే? ఎమ్మిగనూరు చూడు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టినాడు. 1954లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆయన మంచోడా, మెత్తనోడా నాకు తెలియదు, అక్కర కూడా లేదు. నూలు సంఘం ఇస్తుండె, బట్ట సంఘం అమ్ముతుండె. షావుకారు మొగం కళ చూసి నేతగాడు మజూరీ అడిగే పని తప్పింది. నాకు కావల్సింది అట్లాంటిది. ఆఫీసరు మనసు బాగున్నా బాగలేకున్నా నా ఇరవై సెంట్లు నాకు రావల్ల.

కోడలు: తరతరాలుగా షావుకారు అప్పులో ఉన్న నేతగాడు ఆ షావుకారును వదిలి కొత్త సంఘంలోకి ఎందుకొచ్చినాడు మామా? బైలాస్ చదివి వచ్చినాడా? ఎవరో ఒకరు మగ్గం గుంత దగ్గర కూర్చొని, వాని భయం విని, ‘నేనుండా’ అంటేనే వచ్చింటాడు. రూలు తర్వాత నిలబెడతాది. మొదట నడిపించేది మనిషే.

మామ: సరే, మొదటికి ఒప్పుకుంటా. మరి పత్తికొండలో టమోటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోస్తారు గదా. నువ్వు ఆడ ఆఫీసరువనుకో. వాళ్ల కోపాన్ని చల్లారుస్తావా?

కోడలు: ట్రాఫిక్ ఆగిపోయుంటాది. ముందు రోడ్డు తెరిపియ్యాలని పైనుంచి ఫోనొస్తాది.

మామ: ఫోను గురించి కాదు నేనడిగేది.

కోడలు: చల్లార్చకూడదంటావు.

మామ: ఆ కోపం కలెక్టరుకు, మంత్రికి పోయే ఉత్తరం పాపా. ఆ రైతుకు వేరే ఉత్తరం రాయడం రాదు. నువ్వు నడుమ నిలబడి తీయగా మాట్లాడి దాన్ని చింపేస్తే, పైవాళ్లకు ‘పరిస్థితి అదుపులో ఉంది’ అని పోతాది. నీకు శభాష్ అంటారు. నీకు నిజంగా ఆ ప్రజ్ఞ ఉంటే, ఎదుటివాని కోపంలో ఉన్న వేడి తగ్గకుండా పైకి మోసుకుపో. నీ మన్రో 1807లో రాసినదాంట్లో మంచేమన్నా ఉంటే అదొక్కటే. రైతు ముందర తగ్గినాడని కాదు, మద్రాసు ముందర మాట తగ్గియ్యలేదని.

కోడలు: పైకి కోపంగా రాస్తే ఆ కాగితాన్ని పక్కన పడేస్తారు. అక్కడా మనసు చదవల్ల. సర్వే తప్పని రాస్తే సర్వేవాళ్లు అడ్డం తిరుగుతారు. ‘ఈ ఊళ్లో ఇన్ని విస్తీర్ణాలు పాత రికార్డుతో కుదరలేదు, తిరిగి కొలవడానికి అనుమతి ఇవ్వండి’ అని జాబితా జతచేస్తే సంతకమవుతాది. వేడి తగ్గిచ్చినట్టు కాదు గదా అది?

మామ: జాబితా చూస్తే చెప్తా.

కోడలు: నీ నాలుగెకరాల ఆసామిది మా మండలమేనా?

మామ: మీదే. సోమవారం గ్రీవెన్స్‌కు వస్తానన్నాడు. ఒక్కడే పోతానంటే, వద్దు, జాయింట్ నంబరు పడినోళ్లందరినీ పిలుచుకొని పొమ్మని నేనే చెప్పినా.

కోడలు: మంచి పనే చేసినావు. పాత అడంగల్ నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్చు తెమ్మను, గట్టు పక్క రైతును కూడా తోడు తెచ్చుకోమను, లేకుంటే మళ్లా తిప్పాల్సొస్తాది. నువ్వూ వస్తావా?

మామ: వస్తా. అరవనులే.

కోడలు: అరువు మామా. రిజిస్టర్లో రాసుకుంటా. కానీ మా ఆఫీసులో కుర్చీలు పదే ఉండాయి, రైతులు కూర్చున్నాక మిగిలితేనే నీకు.